ఎడమ వరుస, కుడి వరుస

హిందీ ప్రాంతపు బస్తీ భుయ్యాడీహ్‌లో, తెలుగువాళ్ళుండే ఒక సందులో ఎడమ వరుస ఇళ్ళ పిల్లలకు ఏడాది పాటు పోషకాహార పొట్లాలు ఇవ్వబడినవి. కుడి వరుస పిల్లలకు ఇవ్వబడలేదు. పొట్లాల వల్ల మేలు ఉన్నదో లేదో శాస్త్రీయంగా తేల్చుటకు ఇదే మార్గమని పథకం పెద్దలు నిర్ణయించారు.

ఏడాది చివర తూచి చూడగా రెండు వరుసల పిల్లలూ సమానంగా బరువు పెరిగారు. తేడా లేదు గనుక పొట్లాల వల్ల మేలు లేదని నివేదిక వెళ్ళింది. పథకం రద్దయింది.

ఆ సంగతి తెలియజేయడానికి సర్వే ఉద్యోగిని లోయిస్, ఎడమ వరుసలోని త్రేసమ్మ ఇంటికి వచ్చింది. గడప దగ్గర త్రేసమ్మ మనవరాలు, ఎదురింటి పిల్ల పక్కపక్కన కూర్చుని, ఆఖరి పొట్లంతో కాచిన జావను చెరో గిన్నెలో తాగుతున్నారు.

లోయిస్ రెండో గిన్నెను చూసింది.

"ఆంటీ, పొట్లమంతా మీ పిల్లే తింటోందా అని నెలనెలా అడిగాను. అవునన్నారు."

"పంచితే పేరు కొట్టేత్తామన్నారు గదమ్మా. మరేటి సెప్పమంటావు?"

"ఈ వరుసంతా ఇలాగేనా?"

"ఎదురింటి పిల్ల సూత్తా కూకుంటే మన పిల్లకొక్కదానికే ఎలా పోత్తాం? నువ్వయితే పోత్తావేటి?"

లోయిస్ ఫారం తెరిచింది. ఈ సమాధానానికి అందులో గడి లేదు.

"రిపోర్ట్ వెళ్ళిపోయింది ఆంటీ," అంది. "అబ్ కుఛ్ నహీ హోగా. ఇంకేం చెయ్యలేం."

తరువాతి ఆరు నెలల్లో రెండు వరుసల పిల్లలూ సమానంగానే చిక్కిపోయారు. తూచడానికి ఎవరూ రాలేదు.