పర్మిట్‌కి ముందు కొన్ని ప్రశ్నలు

"పచ్చిగానే తినాలాండీ?" అన్నాడు ఎస్బెన్, పళ్లెంలోకి చూస్తూ.

"వండితే రబ్బరు అయిపోతుంది. తిను," అంది తుకుమ్మెక్.

నార్వాల్ తిమింగలం తోలు, దాని కింద వేలెడు మందం కొవ్వు. ఎస్బెన్ నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టాడు. ఎంత నమిలినా తరగడం లేదు. ఎదురుగా కూర్చున్న తుకుమ్మెక్ రెప్ప వేయకుండా అతన్నే చూస్తోంది.

"కళ్లెందుకు మూసుకున్నావు?"

"రుచి బాగా తెలుస్తుందని."

"అబద్ధం బాగా ఆడతావు," అని నవ్వింది. అరవై దాటినావిడ. నవ్వితే కళ్లు రెండూ మాయమైపోతాయి.

ఎస్బెన్ గబుక్కున మింగేశాడు. అబద్ధాలాడకని పొద్దున్నే చెప్పి మరీ ఇక్కడికి పంపాడు వేటగాళ్ల సంఘం కార్యదర్శి ఊసాక్.

డేనిష్ శాస్త్రవేత్త ఎస్బెన్ కోపెన్‌హాగన్ నుంచి వచ్చింది నార్వాల్‌ల మాటలు వినడానికి. సముద్రం మీది మంచుకి కన్నం చేసి మైకు దింపాలి. దానికి కంగెక్ అనే ఈ ఊరి వేటగాళ్ల సంఘం ఒప్పుకోవాలి. మైకుల చప్పుడుకి తిమింగలాలు బెదిరిపోతాయని నిరుడు వచ్చినవాణ్ని వాళ్లు వెనక్కి పంపేశారు. మే నెల సగమైపోయింది, మంచు అప్పుడే నెర్రెలిస్తోంది. ఈ వారం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఊసాక్ పొద్దున అతని దరఖాస్తు తీసుకుని, "మేం మాట్లాడుకుంటాం. ఈలోగా తుకుమ్మెక్ ఇంటికెళ్లు. ఆవిడకి నీతో పనుంది. ఏది అడిగినా నిజం చెప్పు," అన్నాడు. ఎస్బెన్ దాదాపు పరుగున వచ్చాడు.

"మీ అమ్మతో ఎప్పుడు మాట్లాడావు?" అంది తుకుమ్మెక్.

"ఆదివారం."

"ఏ ఆదివారం?"

"...పోయిన నెలలో."

"ఊఁ. మీ పక్కింటాయన పేరు?"

ఎస్బెన్ ఇంకో ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"గోడకి అవతలే ఉంటాడుగా?"

"తలుపు మీద రాసుంటుందండీ."

"ఎన్నేళ్లుగా చదవలేదు?"

"ఇవన్నీ కూడా అవసరమాండీ?" అన్నాడు నీరసంగా.

"నా పనికి అవసరమే. పద, కుక్కలకి మేత వేద్దాం."

బయట ఆవిడ కుక్కలు సీల్ మాంసం వాసనకి గోలగోలగా అరుస్తున్నాయి. ఎస్బెన్ ముక్కలు విసురుతుంటే, చెవి తెగిన కుక్కొకటి మాంసంతోపాటు అతని చేతి తొడుగు కూడా లాక్కుంది.

"అయ్యో, సారీ, అది నాదమ్మా," అన్నాడు దాంతో.

తుకుమ్మెక్ పొట్ట పట్టుకుని నవ్వింది. "నీ తొడుగు తిన్నది అది. సారీ చెప్పింది నువ్వు!"

'అయిపోయింది, పర్మిట్ పోయినట్టే' అనుకున్నాడు ఎస్బెన్. అనుకున్నాక ఎందుకో తేలికపడి, తనూ నవ్వేశాడు.

ఆవిడ కుక్కల బండి మీద కూలబడి, పక్కన చోటు చూపించింది. "ఇంతకీ నీకు ఆ తిమింగలాల మాటలెందుకు?"

దీనికి అతను మంచి జవాబొకటి బట్టీపట్టి వచ్చాడు. అది నోటికి రాలేదు.

"మొదటిసారి రికార్డింగులో విన్నప్పుడు, పాత తలుపు కిర్రుమన్నట్టు వినిపించింది. నేను పగలబడి నవ్వాను. మావాళ్లందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు. అంత నవ్వు మళ్లీ రాలేదండీ నాకు. అది నేరుగా వినాలనిపించింది. అంతే."

"వాటికి తెలియకుండా వింటావా?"

"వాటిని అడగడం నాకు రాదుగా. అందుకే మిమ్మల్ని అడగడానికొచ్చాను."

ఆవిడ నవ్వలేదు. "ఇది బాగుంది," అంది మెల్లగా.

అప్పుడే ఊసాక్ మంచులో రొప్పుతూ వచ్చాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా! సంఘం ఒప్పుకుంది, నీ పర్మిట్ మీద నేను సంతకం కూడా పెట్టేశాను. బండి కట్టి నీకోసం కూర్చున్నారు అక్కడ!"

ఎస్బెన్‌కి అర్థం కాలేదు. "అదేంటి? ఈవిడ ఇంకా ఏమీ చెప్పందే?"

"ఆవిడ చెప్పేదేముంది? మా సంఘంలో ఆవిడ లేదే!"

ఎస్బెన్ తుకుమ్మెక్ వైపు తిరిగాడు. "మరి ఈ తోలు తినడం, మా అమ్మ, పక్కింటాయన... ఇదంతా ఎందుకండీ?"

"నీకొక్కడికేనా పర్మిట్ ఉండేది? నాక్కూడా ఉంది అబ్బాయ్, పరిశోధనకి."

"దేని మీద?"

"మీ డేనిష్ శాస్త్రవేత్తల మీద."