కింది అరలో గుడ్లు

నెల్లూరు దగ్గర ఒక పుట్టలో చీమలు ఏటా దసరా దాటగానే గుడ్లను పై అరల్లోకి మోసేవి. ఆ పని చేయించేది నాంచారమ్మ అనే ముసలి చీమ. ఆ ఏడు ఆదిలాబాదు మొక్కజొన్న బస్తాలో పడి ఎల్లవ్వ అనే చీమ చుట్టంలా వచ్చింది.

“బతుకమ్మ పండుగ అయినంక వానలెక్కడియి? ఇగ చలే. గుడ్లను కిందికి దించుండ్రి, వెచ్చగుంటయి” అంది ఎల్లవ్వ.

“మాకు వానలు మొదలయ్యేదే ఇప్పుడు తల్లీ” అంది నాంచారమ్మ. వానకు ముందు ఎప్పుడూ సలిపినట్టే ఆమెకప్పుడే ఆరు మోకాళ్లూ సలుపుతున్నాయి. కానీ ఎక్కించడం కంటే దించడం తేలిక కాబట్టి చీమలన్నీ ఎల్లవ్వ మాటే నమ్మాయి. ఆ మోకాళ్లతో నాంచారమ్మ కూడా నాలుగు గుడ్లు దించింది.

మూడోనాడు సముద్రం మీంచి వాన వచ్చిపడింది. సగం గుడ్లు నీళ్లపాలయ్యాయి. మిగిలినవాటిని అందరితో పాటు ఎల్లవ్వ కూడా తడుస్తూ పైకి మోసింది.

“మా తాన గిప్పుడు ఆకాశంల మబ్బు తునక కూడ ఉండదు” అంది ఏడుపు గొంతుతో.

“ఉండదులే అమ్మా. నువ్వేం అబద్ధమాడలేదు” అంది నాంచారమ్మ, ఇంకో గుడ్డు ఎత్తుకుంటూ. “మేమే నెల్లూరులో ఉన్నామని మరిచిపోయాం.”