తల కనబడని పురుగు

రిబ్బను పురుగు తోక గాజుపళ్ళెంలో ఉంది. మిగతా ఒళ్ళు బల్ల దిగి చీకట్లోకి సాగింది. సముద్రం నుంచి తెచ్చినప్పుడు జానెడే ఉంది. తల మీది కళ్ళు చూస్తేగాని అది కొత్త జాతో కాదో తేలదు.

“తలాతోకా లేని ఉద్యోగం నీది, ఇంటికి రావే,” అంది అక్క ఫోనులో.

“తోకుందక్కా. తలే కనబడటం లేదు.”

పరిశోధకురాలు టార్చి వెలుగులో దాని వెంట నడిచింది. అది గోడవారగా పాకి, తలుపు గడియకు చుట్లు చుట్టుకుని, మళ్ళీ గదిలోకే తిరిగింది. ఆమె గడియ లాగింది. అది కదల్లేదు. లాగేకొద్దీ చుట్లు బిగిశాయి.

ఆమె చీలమండ చుట్టూ కూడా ఏదో మెత్తగా బిగిసింది.

“తల దొరికిందా?” అంది అక్క.

టార్చి కిందికి దించడానికి ఆమెకు చెయ్యి రాలేదు.