ఇటుక రంగు ఎరుపు

ధర్మవరంలో పట్టుకు రంగులద్దే వెంకటేశులన్నకు, యావత్తు చేనేత లోకానికి, నేను చదివిన బీఎస్సీకి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా ప్రమోదక్క ఎర్రపట్టును మూడుసార్లు వెనక్కి పంపితే, మోసుకెళ్ళింది నేనే.

మూడోసారి అక్క కూడా మగ్గం దిగి వచ్చింది.

"ఏమన్నా, ఇది ఎరుపేనా? ఇటికపొడి మాదిరుండాది."

"కుంకుమ మాదిరి మెరుస్తాంటే ఇటికపొడి అంటావేమ్మా! కండ్లు యాడ పెట్టొచ్చినావు?"

నేను న్యాయమూర్తి పదవి స్వీకరించి, పట్టును ఎండలోకి తెచ్చి, అక్కను ఒక్కో కన్నూ మూసుకొని చూడమన్నాను. ఎడమ కంటికి కుంకుమ. కుడి కంటికి ఇటుకపొడి. పైగా ఆ కన్ను తిప్పితే నొప్పి.

అంతదాకా నా తీర్పు చూసి నవ్వుతున్న వెంకటేశులన్న నవ్వడం ఆపేశాడు.

హిందూపురంలో కంటి డాక్టరమ్మ, కంటి నరం వాచిందని చెప్పింది. అక్క కీళ్ళను పీడిస్తున్న జబ్బే ఇక్కడికీ ఎక్కిందట. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే దారితప్పి సొంత ఒంటి మీద లాఠీచార్జి చేస్తోందట. ఇంజెక్షన్లు వేసినా చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనంది.

"కీళ్ళకిచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా?"

"మానేసి నెలయింది మేడం."

"ఎందుకమ్మా?"

అక్క నా వైపు చూడలేదు. "మొగం ఉబ్బుతాందని."

పై క్షమాపణలన్నీ వాపసు తీసుకుంటున్నాను. నేను నిజంగా చేసిన తప్పు ఒక్కటే. నెల కిందట, మాత్రలకు ఉబ్బిన అక్క మొహాన్ని ఫొటో తీసి, కింద 'బూరెలమ్మ' అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. పెనుకొండ దాకా బంధువులంతా నవ్వారు.

అందరికంటే ముందు నవ్వు బొమ్మ పంపింది అక్కే.