తొమ్మిది ఆల్బమ్‌లు

పాటలు బయట వెతుక్కునే రోజులు పోయాయి. ఇంట్లోవాళ్ల మాటలూ నవ్వులూ ఏరి, గోడలోని యంత్రమే ఏడాదికో ఆల్బమ్ కట్టేది. పదేళ్లకోసారి ఇష్టాన్ని బట్టి వాటికి వరస పెట్టి బంధువులకు వినిపించడం ఆనవాయితీ.

బెజవాడలో చీరల కొట్టు నడిపే మణిదీప్, కూతురు ఆద్యతో కలిసి ఆ వరస పెట్టడానికి కూర్చున్నాడు.

"తొమ్మిదే ఉన్నాయేంటి నాన్నా? అమ్మ చనిపోయిన ఏడాదిది ఏది? నా వరసలో మొదటిది అదే. నీ పక్కన కూర్చుని విందామని ఇన్నాళ్లూ ఆగాను."

మణిదీప్ యంత్రాన్ని అడిగాడు. మూడేళ్లుగా ఎవరూ వినలేదనీ, మీరు చెప్పిన పద్ధతి ప్రకారమే చెరిపేశాననీ అది బదులిచ్చింది.

కొట్టులో మూడేళ్లు కదలని చీరను అతను బీరువాలో ఉంచడు. ఇంటి యంత్రానికీ అదే పద్ధతి నేర్పాడు. భార్య చివరి రోజుల గొంతు వినే ధైర్యం లేక ఆ ఆల్బమ్ జోలికే పోలేదు.

"ఆసుపత్రి నుంచి వచ్చాక అమ్మ ఏదో కూనిరాగం తీసేదిగా," అంది ఆద్య. "పోనీ, ఆ రాగం నువ్వు తియ్యి నాన్నా."

మణిదీప్ పెదాలు కదిపాడు. ఏ రాగమూ రాలేదు. ఆ ఏడాదంతా భార్యకు మందులు వేళ తప్పకుండా ఇచ్చాడు. పాట మాత్రం, యంత్రం వింటోంది కదా అని, తను వినలేదు.