ఇరుక్కున్న గడ

"ఇన్ని తెప్పలుండగా నాదే ఎక్కాలా, వదినా?" మో గ్వాంగ్‌ఫు వెదురు గడతో రేవును నెట్టాడు.

"నా మొగుణ్ణి ఎక్కడ చంపావో నీచేతే చూపించుకుందామని ఎక్కాను," అంది యూచిన్.

"పదేళ్లుగా అదే మాట."

"ఒకే తెప్ప మీద ముందు ఆయన, వెనక నువ్వు. ఆయన మునిగాడు, నువ్వు ఒడ్డెక్కావు. ఇంకే మాటనాలి?"

యూలాంగ్ నది రాతికట్ట మీంచి కిందికి దూకుతోంది.

"కాళ్లు పైకెత్తు."

ఆమె ఎత్తలేదు. తెప్ప ముక్కు వంగింది. నీళ్లు ఆమె చెప్పులు లాక్కుపోయాయి. అంతలో గ్వాంగ్‌ఫు గడ రాళ్ల సందులో ఇరుక్కుంది. తెప్ప ముందుకు జారుతోంది, గడ పట్టుకున్న మనిషి వెనక్కి వాలిపోతున్నాడు.

"గడ వదిలెయ్! వదిలెయ్, సచ్చినోడా!" ఆమె అరిచింది.

అతను వదిలేశాడు. తెప్ప ధబ్బున కిందికి దిగింది. గడ వెనకే, కట్ట మీద నిలబడి ఊగుతోంది.

"ఆ రోజు నేనూ ఇలాగే అరిచాను వదినా. ఆయన వదల్లేదు."

"అబద్ధం! గడ ఇరుక్కుంటే వదలాలని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. ఆయనెందుకు వదలడు?"

గ్వాంగ్‌ఫు ఆమె కూర్చున్న కుర్చీ కింద నుంచి రెండో గడ తీశాడు.

యూచిన్ వెనక్కి తిరిగి కట్ట మీది గడను చూసింది. పదేళ్ల కిందట, ఆయన పోయిన నెలలో అప్పటికే మూడు గడలు ఏట్లో వదిలేసి వచ్చాడు. ఆ పొద్దున నాలుగోది చేతికిస్తూ తనే అంది: "ఇది కూడా పోగొడితే ఇంటికి రాకు."

"నేనన్న మాట... నీకు చెప్పాడా?"

"రేవులోనే చెప్పాడు. నవ్వుతూ."

"మరి ఇన్నేళ్లూ నోరెందుకు మూసుకున్నావు?"

"ఇంకో కట్ట వస్తోంది," అన్నాడతను. "కాళ్లు పైకెత్తు, వదినా."

ఆమె ఎత్తింది.