చదువు అన్నచోట

“ఒక్క లైను కోసం ఇంత పరేషానైతే ఎట్లన్నా?” అన్నాడు అనుదీప్, టీ గ్లాసు శ్రీశైలం చేతికిస్తూ.

అశోక్‌నగర్‌లో అనుదీప్‌ది జిరాక్సు దుకాణం. చుట్టూ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కాబట్టి, ఎంతమంది బయోడేటాలు టైపు చేసి ఉంటాడో అతనికే లెక్క లేదు. శ్రీశైలం బయోడేటా కూడా అతనే చేశాడు. అందులో చదువు అన్నచోట, అసలున్నది ఒకటైతే రాసింది మరొకటి. సలహా కూడా అనుదీప్‌దే.

“రేపే చేరాలె తమ్మీ. చేరినంక బయటపడితే ఏం ముఖం పెట్టుకోవాలె?”

“ఎట్ల బయటపడ్తది? మేనేజర్ సారు మార్కుల మెమో చూసిండు కద?”

“చూసిండు.”

“మా బావకు ఫోన్ చేసిండు కద?”

“చేసిండు. విద్యానగర్‌ల ఆయన కిరాణా దుకాణంల నేను గుమస్తాగ ఉన్ననని మీ బావ చెప్పిండు. అది కూడా అబద్ధమే కద.”

“మరింకేంది? జర ధైర్యంగుండు.”

“ఇంగ్లీషుల ఏమన్న అడిగితే?”

“తెల్వదని చెప్పు. తెల్వదంటే ఎవ్వరేమనరు. తెలిసినట్టు మాట్లాడితెనే దొరుకుతవ్. అబద్ధమాడితే అతికినట్టుండాలె అన్నా.”

నలభై దాటిన శ్రీశైలానికి కాగితం మీద అబద్ధం రాయడం ఇదే మొదలు. పాత పని పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఎక్కే గుమ్మం దిగే గుమ్మమే. అందరూ అతని చదువు చూసి వెనక్కి పంపినవాళ్ళే. భార్య మాధురి చిక్కడపల్లిలో బట్టల దుకాణంలో పనిచేస్తూ, రోజంతా నిలబడి కాళ్ళ వాపులు తెచ్చుకుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పిన సాయంత్రం ఆమె చాన్నాళ్ళకు మనసారా నవ్వింది. ఆ నవ్వు చూశాక, వెళ్ళి నిజం చెప్పేసి వద్దామన్న ఆలోచన మానుకున్నాడు.

ఉద్యోగం నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర, నీళ్ళూ ఆహార పదార్థాలూ పరీక్షించే ఒక ల్యాబులో. హెల్పర్ పని. సీసాలు కడగాలి, నమూనాలు సర్దాలి. ప్రకటనలో ఇంటర్ అని రాసి ఉంది. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ సూర్యప్రకాశరావు కోస్తా మనిషి, మాట కరుకు.

“చూడవయ్యా,” అన్నాడాయన ఆ రోజు, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. “ఇదివరకు ఒకడు చదువు గురించి అబద్ధం చెప్పి చేరాడు. కూర్చోబెట్టి పని నేర్పించాక తెలిసింది అసలు సంగతి. మా మేడమ్‌కి అలాంటివాళ్ళంటే ఒళ్ళుమంట.”

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు శ్రీశైలం చొక్కా కాలరు సర్దుకున్నాడు.

“ల్యాబు ముఖం ఎప్పుడైనా చూశావా?”

“ఇంటర్‌లో చూశాను సార్.”

“సరే, నేర్చుకుందువుగాని.”

పనిలో చేరే రోజు అశోక్‌నగర్ నుంచి నడిచే వెళ్ళాడు. బస్సులో ఎవరైనా తెలిసినవాళ్ళు కలిసి ఎక్కడికని అడుగుతారేమోనని భయం. భయం పట్టుకున్నవాడికి ఊరంతా తెలిసినవాళ్ళే.

ల్యాబులో సూర్యప్రకాశరావు గాజు ఫ్లాస్కు ఎలా కడగాలో స్వయంగా కడిగి చూపించాడు. శ్రీశైలం బుద్ధిగా చూసి తలూపాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే తేజస్వి అనే అమ్మాయి తెలుగులో రాసిన నమూనాల జాబితా, కొన్ని ఖాళీ లేబుళ్ళు ముందు పెట్టింది.

“అంకుల్, ఈ పేర్లు సీసాల మీదకి ఇంగ్లీషులో ఎక్కించగలరా?”

శ్రీశైలం పెన్ను తీసుకోబోయి ఆగాడు. అనుదీప్ మాట గుర్తొచ్చింది.

“నాతో కాదమ్మా. ఇంగ్లీషు రాదు.”

“పోనీలెండి, నేను రాసుకుంటాను,” అంది ఆ పిల్ల. జాలిపడిందని గొంతులోనే తెలిసింది. శ్రీశైలానికి సిగ్గేసింది.

పదకొండింటికి మేడమ్ వచ్చింది. పేరు కీర్తన. ల్యాబు ఆమెదే. అందరూ లేచి నమస్తే చెప్పారు. శ్రీశైలం తల వంచుకుని సీసాలు తుడుస్తూ ఉండిపోయాడు. ఆమె చెప్పుల చప్పుడు అతని దగ్గరకొచ్చి ఆగింది. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంకొంచెం సేపటికి సూర్యప్రకాశరావు వచ్చాడు.

“మేడమ్ పిలుస్తున్నారు. నీ బయోడేటా తెప్పించుకున్నారు. ఏం రాశావయ్యా అందులో?”

శ్రీశైలం చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళాడు. ఆమె ముఖం చూసే ధైర్యం లేక బల్ల అంచునే చూస్తూ నిలబడ్డాడు.

“ఇది మీ బయోడేటానే కదా?”

“అవును మేడమ్.”

“చదువు అన్నచోట ఇంటర్ అని ఉంది.”

ఆమె ఆ కాగితాన్ని అతని వైపు తిప్పింది.

“అబద్ధం కదా?”

అన్నాళ్ళూ మోసిన బరువు ఒక్కసారి జారిపోయింది. దొరికిపోయాక ఇక భయపడేదేముంది?

“అబద్ధమే మేడమ్. ఏడాదిగా ఖాళీగా ఉన్నాను. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరూ లోపలికి రానివ్వలేదు. తప్పు నాదే. కానీ సీసాలు కడగడానికి నా చదువు అడ్డం రాదు మేడమ్. ఇంట్లోవాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఈ పని మాత్రం తీసెయ్యకండి.”

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. బయటికి పంపడానికే లేచిందనుకున్నాడు.

“కూర్చోండి.”

“ఫరవాలేదు మేడమ్, నిలబడతాను.”

“మీరు నిలబడితే నేను కూర్చోలేను.”

అప్పుడు తలెత్తాడు. ఆమె బల్ల ఇవతలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

“ఎమ్మెస్సీలో మాకు కెమిస్ట్రీ చెప్పింది మీరే కదా, సార్.”